ప్రవక్త, కాలజ్ఞాని, శతకకవి: రాజ్యపతన వాక్కుపై ఒక పరిశీలన

హెబ్రీ ప్రవక్తలకు తెలుగులో సాటి వెదకవలసి వచ్చినప్పుడు మన దృష్టి సహజంగా పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానం మీదికి పోతుంది. పోలిక పైకి బలమైనదే. ఆమోసు యూదా దేశంలోని తెకోవకు చెందిన పశువుల కాపరి. వీరబ్రహ్మం బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ పశువులను కాస్తూ రవ్వలకొండలో కాలజ్ఞానం రచించాడని ఐతిహ్యం. అయితే ఈ పోలిక భవిష్యత్తు చెప్పడమనే ఒక్క అంశం మీదే నిలిచి ఉన్నదనీ, హెబ్రీ ప్రవచనానికి అది ప్రాణం కాదనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

ఆమోసు కాలం క్రీ.పూ. 8వ శతాబ్ది. ఉత్తర ఇశ్రాయేలును రెండవ యరొబాము ఏలుతున్నాడు. సరిహద్దులు పెరిగాయి, ధనికుల ఇళ్లకు దంతపు నగిషీలు అమరాయి. రాజధాని షోమ్రోను తవ్వకాలలో అటువంటి దంతపు ముక్కలు బయటపడ్డాయి కూడా. (చెక్కుడురాళ్ల భవనాలపై ఆమోసు ఆగ్రహాన్ని కూకట్‌పల్లిలో కాపురముండే విద్యార్థికి ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.) పతనఛాయ కంటికి కనిపించని ఆ రోజుల్లో అతడు బేతేలుకు వచ్చి, పేదలను చెప్పులజోడు వెలకు అమ్మినవారిని నిలదీశాడు. యాజకుడైన అమజ్యా అతణ్ణి యూదాకు పొమ్మన్నాడు. సుమారు క్రీ.పూ. 722లో షోమ్రోను అష్షూరు వశమైంది. ఇక్కడ జోస్యం తీర్పు వంటిది. నిందితుడు తరచు మధ్యమపురుషలోనే ఉంటాడు. అతడు మారితే తీర్పు మారే అవకాశమూ ఉంది.

కాలజ్ఞానంలో రాజులు ప్రధానంగా ప్రథమపురుషలో వస్తారు. వారి పతనం కలిగతిలో ఒక గుర్తు. 1565లో విజయనగరం దెబ్బతిన్న తరవాతి సీమ అది; ఇల్లు కూలినవాడికి హెచ్చరిక కంటే వివరణ అవసరం. అందుకే కాబోలు, ఆ పాఠం ఎప్పటికప్పుడు పెరుగుతూ వచ్చింది. 2020లో కరోనాకు సైతం అందులో ఆధారం చూపారు. దీన్ని కల్తీ అని కొట్టివేయడం తేలిక. ఆమోసు గ్రంథం చివరనున్న ఆశావాక్యాలను కూడా పలువురు పండితులు తరవాతి చేర్పుగానే భావిస్తారు. వీరబ్రహ్మంలో సాంఘిక నింద లేదనలేము. దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా స్వీకరించిన కథే అందుకు సాక్ష్యం. ఆ నిందకు గురి మాత్రం రాజు కాదు.

రాజును గురిచేసినది శ్రీకాళహస్తీశ్వర శతకం. దాని కర్తగా ప్రసిద్ధుడైన ధూర్జటిని సంప్రదాయం కృష్ణరాయల ఆస్థానకవులలో లెక్కిస్తుంది. విజయనగరం వెలిగిపోతున్న కాలంలోనే రాజుల మదాన్నీ, వారి కొలువునూ ఆ శతకం ఏవగించుకుంది. సమయంలోనూ స్వరంలోనూ ఆమోసుకు దగ్గరివాడు ధూర్జటే, వీరబ్రహ్మం కాదు. అయినా మకుటం శివుణ్ణి సంబోధిస్తుంది. రాజుపై ఫిర్యాదు దేవుడికి చేరుతుందే తప్ప రాజు ముఖాన పడదు. అక్కడ వ్యర్థమైపోయినది కవి జన్మ. అమ్ముడుపోయిన పేదవాడు కేంద్రంలో లేడు. ఆమోసు దృష్టిలో బేతేలు గుడి కూడా నేరస్థుల పక్షమే. ధూర్జటికి కాళహస్తి గుడి కొలువు నుంచి తప్పించుకు వచ్చి తలదాచుకునే చోటు.