బ్రేకు మీద భరోసా

వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు కురిసిందంటే పర్చూరు, ఇంకొల్లు, కారంచేడు చుట్టుపక్కల నల్లరేగడి డొంకల్లో ట్రాక్టరు నడిపే తీరే మారిపోతుంది. రేగడి నీరు తాగి ఉబ్బుతుంది. పైన రెండంగుళాలు జిగురుబారిపోతుంది, కింద మాత్రం గట్టిగానే ఉంటుంది. ఆ జిగురు టైరు గాడుల్లో కూరుకుపోయి, నాలుగు చుట్లు తిరిగేసరికి కొత్త టైరు కూడా గుండు టైరుతో సమానమైపోతుంది. అందుకే చెయ్యి తిరిగిన డ్రైవరు డొంకలోకి దిగకముందే చిన్న గేరు వేసుకుంటాడు. మధ్యలో గేరు మార్చడు, క్లచ్చి తొక్కడు, బ్రేకు జోలికి వీలైనంత వరకు పోడు. ఇంజను పట్టు మీదే బండిని నడిపిస్తాడు. స్టీరింగు కొద్దికొద్దిగా తిప్పుతాడు, ముందు బండికి బాగా ఎడంగా ఉంటాడు. వెనక ట్రక్కులో మిర్చి టిక్కీలు గానీ పత్తి లోడు గానీ ఉన్నప్పుడు గభాల్న బ్రేకు వేస్తే ట్రాక్టరు ఆగినా ట్రక్కు ఆగదని, పక్కకు తోసుకొస్తుందని అతనికి తెలుసు. గమనించండి, ఇందులో ఒక్కటి కూడా బండి జారాక చేసే పని కాదు. అన్నీ జారకముందు చేసేవే.

గుంటూరు, ప్రకాశం పల్లెల నుంచి అమెరికా వెళ్లి డాలస్‌లోనో షికాగోలోనో డెట్రాయిట్‌లోనో కారు నడుపుతున్న పిల్లలకు చలికాలంలో కావలసింది సరిగ్గా ఈ పనితనమే. కానీ వాళ్ల చెవిన పడే సలహాలు చాలామటుకు వేరుగా ఉంటాయి. కారు వెనక భాగం ఎటు జారితే స్టీరింగు అటు తిప్పు, కంగారుపడి బ్రేకు తొక్కకు, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తియ్యి. ఇవి తప్పు సలహాలు కావు. అయితే అవన్నీ అదుపు తప్పాక పనికొచ్చేవి. మంచు రోడ్డు మీద డ్రైవింగ్ అంటే జారిన బండిని తిప్పుకునే విద్య అనే నమ్మకం ప్రమాదకరమని నా వాదన. జారే పరిస్థితే రానివ్వకపోవడంలో అసలు విద్య ఉంది. అమెరికా ఫెడరల్ హైవే విభాగం లెక్కల ప్రకారం మంచు, ఐసు పేరుకున్న రోడ్ల మీద అక్కడ ఏటా 1,300 మందికి పైగా చనిపోతున్నారు.

లెక్క వేసి చూస్తే సంగతి బోధపడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు బ్రేకు పట్టుకున్నాక పొడి తారురోడ్డు మీద ఆగడానికి సుమారు 20 మీటర్లు కావాలి. వానకు తడిసిన రోడ్డయితే 35 మీటర్లు. తొక్కుడుపడిన మంచు మీద 70, గడ్డకట్టిన ఐసు మీద 140 మీటర్లు దాటుతుంది. డ్రైవరు ప్రమాదం గమనించి కాలు బ్రేకు మీదికి తెచ్చేలోపు బండి పోయే పాతిక మీటర్లు దీనికి అదనం. వేగం సగానికి తగ్గిస్తే ఆగే దూరం నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, ఐసు మీద 30లో పోయేవాడు తడిరోడ్డు మీద 60లో పోయేవాడితో సమానం. ఇంకే ఉపాయమూ ఇంత మేలు చెయ్యదు. పైగా టైరుకున్న పట్టు ఒక్కటే. అది కాలవలో వంతు నీరు లాంటిది, పై మడికి తిప్పితే కింది మడికి అందదు. ఆ పట్టంతా ఆగడానికి వాడేస్తే మలుపు తిరగడానికి ఏమీ మిగలదు. అందుకే మలుపులోకి వెళ్లకముందే, చక్రాలు తిన్నగా ఉండగానే వేగం తగ్గించుకోవాలంటారు.

2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున, ఆరు గంటల వేళ, టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్ దగ్గర ఐ-35 వెస్ట్ టోల్ వరసల్లో 130కి పైగా వాహనాలు ఒకదానిలోకి ఒకటి దూసుకుపోయాయి. ఆరుగురు చనిపోయారు. మనవాళ్లు వేల సంఖ్యలో స్థిరపడ్డ డాలస్ ప్రాంతమే అది. ఆ రోజు కురిసింది తెల్లగా కనిపించే మంచు కాదు, పడీపడగానే గడ్డకట్టే సన్నటి వాన. చూపుకు రోడ్డు తడిసినట్టే ఉంటుంది. బ్లాక్ ఐస్ అనేది ఇదే. ఆ వరసల్లో వేగ పరిమితి మామూలు రోజుల్లో 75 మైళ్లు, అంటే మన లెక్కలో 120 కిలోమీటర్లు. ఆ వేగంతో పోయే బండికి ఐసు మీద ఆగడానికి అర కిలోమీటరు కూడా చాలదు. ముందున్న ట్రక్కు చూపుకు అందేసరికి అనుభవమున్న డ్రైవరు చేతిలో కూడా ఇక ఏమీ ఉండదు. రోడ్డు నిర్వహించేవాళ్ల తప్పు లేదా అంటే, ఉంది. పరిస్థితిని సరిగా కనిపెట్టి సరిదిద్దలేదని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు కూడా తేల్చింది. ఆ తప్పుకు వాళ్లు జవాబు చెప్పాలి. కానీ తెల్లవారుజామున స్టీరింగు పట్టుకున్న మనిషికి ఆ దర్యాప్తు నివేదిక అక్కరకు రాదు.

చలి ముదిరేకొద్దీ రోడ్డు ఎక్కువ జారుతుందని మనమనుకుంటాం. నిజానికి సున్నా డిగ్రీల దగ్గర, పైన పలచటి నీటిపొర ఉన్నప్పుడే ఐసు అన్నిటికన్నా ఎక్కువ జారుతుంది. మైనస్ 20లో దానికి కొంచెం పట్టు వస్తుంది. కాబట్టి ఎప్పుడో ఒకసారి మంచు చూసే టెక్సస్‌లో కొడుకు ఉన్నాడని ఊళ్లో తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండటానికి లేదు. ఫ్లైఓవర్లు, బ్రిడ్జిలు మరీ మోసం చేస్తాయి. నేల మీది రోడ్డుకు అడుగు నుంచి భూమి వెచ్చదనం అందుతుంది. బ్రిడ్జికి పైనా కిందా చలిగాలే కాబట్టి ముందు అదే గడ్డకడుతుంది. అప్పటిదాకా బాగున్న రోడ్డు బ్రిడ్జి ఎక్కగానే మారిపోతుంది.

జారిన బండిని సరిదిద్దుకోవడం ముందే నేర్పిస్తే మంచిది కదా అని ఎవరైనా అడగొచ్చు. సబబైన ప్రశ్నే. మంచు దేశాలు ఆ పని చేసి చూశాయి కూడా. జారుడు రోడ్డు శిక్షణ పొందిన కుర్రాళ్లకు అలాంటి రోడ్ల మీద ప్రమాదాలు తగ్గకపోగా పెరిగినట్టు నార్వేలో 1988 నాటి అధ్యయనంలో తేలింది. స్వీడన్‌లో గ్రెగర్సన్ అనే పరిశోధకుడు 1996లో ప్రచురించిన ప్రయోగంలో, నైపుణ్యం నేర్పిన జట్టుకూ, తమ పరిమితులు తెలిసొచ్చేలా చేసిన జట్టుకూ బండి నడిపే నేర్పులో తేడా రాలేదు. మొదటి జట్టు మాత్రం తమకు బాగా వచ్చని ఎక్కువగా నమ్మింది. ప్రాణాల మీదికి తెచ్చేది ఆ నమ్మకమే. శిక్షణ వద్దని అనను. ఖాళీ పార్కింగ్ స్థలంలో 20 వేగంతో పోతూ బ్రేకు వేసి, బండి ఎంత దూరం పోయి ఆగుతుందో కళ్లారా చూస్తే ఎవరికైనా కాలు దానంతటదే తేలికవుతుంది.

ఏబీఎస్ ఉంది, నాలుగు చక్రాలూ లాగే బండి ఉంది, ఇంక భయమెందుకనే వాదన మరీ బలహీనమైంది. నాలుగు చక్రాల లాగుడు బండి కదలడానికి సాయపడుతుందే గాని ఆగడానికి కాదు. ఏబీఎస్ చక్రాలు బిగుసుకోకుండా చూసి స్టీరింగు పనిచేసేలా ఉంచుతుంది, రోడ్డులో లేని పట్టును పుట్టించలేదు. వింటర్ టైర్లు నిజంగా పనిచేస్తాయి, ఎందుకంటే 7 డిగ్రీల కన్నా చలి పెరిగినా వాటి రబ్బరు మెత్తగానే ఉంటుంది. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా అవి తప్పనిసరి. చలి రాష్ట్రాల్లో ఉండేవాళ్లు ఆ ఖర్చుకు వెనకాడకూడదు. అయినా నున్నటి ఐసు ముందు వాటికీ హద్దుంది.

రేగడి బురదలో బండి తోలినవాడికి మంచు ఒక లెక్కా అనే ధీమా కూడా సరికాదు. బురద చక్రాన్ని పట్టి లాగుతుంది, కాలు తీస్తే బండి నిలబడిపోతుంది. దిగబడితే మరో ట్రాక్టరొచ్చి లాగుతుంది, పోయేది ఒక పూట. ఐసు దేన్నీ పట్టుకోదు. బురద కంటికి కనిపిస్తుంది, బ్లాక్ ఐస్ కనిపించదు. మన డొంకల నుంచి తీసుకుపోవలసింది ముందుజాగ్రత్త, తేలికచెయ్యి. ధైర్యం మాత్రం ఇక్కడే వదిలిపెట్టి వెళ్లాలి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఉద్యోగానిది. వీసా మీద ఉన్నవాడు, షిఫ్టుకు పోవలసిన నర్సు, మంచు పడిందని ఇంట్లో కూర్చోగలరా? రోజంతా అక్కర్లేదు, చాలాసార్లు రెండు మూడు గంటలు ఆగితే చాలు. రోడ్డు మీద ఉప్పు చల్లుతారు, ఉప్పు కలిసిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు. చలి మైనస్ 10 దాటితే దాని బలం తగ్గుతుంది గాని, టెక్సస్ లాంటి చోట్ల అంత చలి అరుదు. అక్కడ ఉదయం ఆరంటే చలికాలంలో మనకు సాయంత్రం ఐదున్నర, అమ్మానాన్నలు ఫోన్ చేసే వేళ. ఆ వేళకు పిల్లలు కారు తాళాలు తీసుకుంటుంటారు. వాళ్లు బండిలో కూర్చున్నాక కాకుండా ముందే చేసి, ఇంటి మెట్ల మీద, కారు అద్దం మీద నీరు గడ్డకట్టిందేమో చూడమనండి. కట్టి ఉంటే ఆలస్యమవుతుందని ఆఫీసుకు మెసేజ్ పెట్టమనండి. ఉప్పు లారీ తిరిగి, బ్రిడ్జిల మీద ఎండ పడేదాకా బండి తియ్యొద్దని చెప్పండి.