కుట్టిన పుస్తకం, రోజుకో బొమ్మ

కువైట్ చిత్రకారుల్లో థురయా అల్ బక్సమీ అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. మాస్కోలోని సురికోవ్ సంస్థలో గ్రాఫిక్ కళ, పుస్తక చిత్రణ చదువుకున్నారు. కథలూ రాస్తారు. 1990లో ఇరాక్ సైన్యం వచ్చిపడితే దేశం విడిచి పోలేదు. దాదాపు ఏడు నెలల ఆక్రమణలోనూ గీశారు. నన్నడిగితే ఆమె రంగుల కన్నా ఆ పట్టుదలే గొప్పది.

అలాంటి పట్టుదల మనకూ అలవడాలంటే రోజుకో బొమ్మ గీయాలి. రోజూ గీసేవాళ్లకు సొంతంగా కుట్టుకున్న పుస్తకమే హాయి. ఖరీదైన స్కెచ్‌బుక్ కొన్నవాళ్లు పాడవుతుందన్న భయంతో మొదటి పేజీ దగ్గరే ఆగిపోతారు! ఇక్కడ ఆ బాధ లేదు. నాలుగైదు కాగితాలు కలిపి సగానికి మడిచి, మడత మీద గోటితో గట్టిగా రుద్దాలి. దబ్బనంతో చిల్లులు పొడిచి, మైనం రాసిన దారంతో ఒక మడతల కట్టను ఇంకో కట్టకు కలిపి కుట్టాలి. ఈజిప్టు కోప్టిక్ క్రైస్తవుల నాటి కుట్టు ఇది. వీపున జిగురుండదు కాబట్టి ఎక్కడ తెరిచినా పుస్తకం చాపలా పరుచుకుంటుంది. రెండు పేజీలూ కలిపి ఒకే బొమ్మ గీయొచ్చు. కాగితంలోని నారల వాటం చూసి మడవాలి, లేకపోతే పేజీలు మొండికేస్తాయి.

కువైట్‌లో ఉన్న మనవాళ్లూ, వచ్చే శుక్రవారం సెలవుపూట ఓ దబ్బనం, దారం తెచ్చుకుని మొదలుపెట్టండి.