పొద్దున్నే వచ్చే విశేషాలు, మన నాందేడ్ తెలుగు

పొద్దున చాయ్ తాగేలోపే ఫోన్లో "నేటి విశేషం" దిగుతుంది. చరిత్ర ఒక ముక్క, భాష ఒక ముక్క, తిండి ఒక ముక్క. మీక్కూడా వస్తూనే ఉంటాయి. మరాఠీ బడిలో చదివే మన పిల్లలకు చాలా ఇళ్లల్లో దొరికే తెలుగు చదువు ఇంతే. అందుకని వీటిని ఊరికే చదివి పక్కన పెట్టడం నాకు చేతకాదు.

బాగున్నవి ముందు చెప్తా. "కల్దార్" మీద వచ్చిన ముక్క అసలు సిసలు సరుకు. నిజాం రాజ్యంలో మనది హాలీ సిక్కా, ఇంగ్లీషోళ్ల రూపాయి కల్దార్. కల్ అంటే యంత్రం, యంత్రం మీద కొట్టిన నాణెం కాబట్టి ఆ పేరు. ఏడు హాలీ రూపాయలకు దాదాపు ఆరు కల్దార్లు. నేను నౌకరీలో చేరిన కొత్తలో దెగ్లూర్ దిక్కు ముసలోళ్లు మంచి రూపాయిని ఇంకా కల్దారే అనేది. నాలుగు వాక్యాల్లో ఒక మాట, దాని పుట్టుక, దాని వెనక రాజ్యం. గిట్ల రాయాలె.

మరి ఇదే చేతితో "నిజాం ఏలుబడిలో ఉర్దూ కలిసి అక్కడి తెలుగు చెడిపోయింది" అని కూడా పంపుతారు. ఉదాహరణలు ఏమిచ్చారయ్యా అంటే జమ, బాకీ, వసూలు, ఖర్చు, రశీదు. ముప్పై ఏండ్లకు పైగా ఈ మాటల మధ్యనే బతికినోణ్ణి, ఊరుకోలేను. గుంటూరు రైతు బాకీ అనడా? కాకినాడ వ్యాపారి వసూలు అనడా? మొదటి మూడూ అరబీ మాటలు, తర్వాతి రెండూ ఫారసీవి. గోలకొండ కచేరీల లెక్కలు ఫారసీలో నడిచిన రోజుల్లోనే ఇవి తెలుగులోకి దిగాయి. 1687లో గోలకొండ పడిపోయేదాకా కోస్తా కూడా దాని కిందనే ఉండె. ఆసఫ్‌జాహీ రాజ్యం మొదలైందే 1724లో. మరాఠీలోనూ ఇవే మాటలు. శివాజీ కాలంలో ఫారసీ మాటలకు బదులు సంస్కృత మాటలిస్తూ రాజ్యవ్యవహారకోశం తయారు చేయించారు, అయినా జమా, బాకీ పోలేదు. పుణేలో లెక్క రాసేవాణ్ని నీ భాష చెడిందని ఎవరూ అనరు. మనకే ఎందుకీ నింద?

తెలుగు మాట్లాడితే 72 వేల నాడులు కదులుతాయన్న ముక్క సంగతి వదిలేద్దాం. ఎవరు లెక్కపెట్టారో చెప్పరు. వోచర్ లేని ఎంట్రీ అది.

తిండి ముక్కల్లో గోంగూర మీద వచ్చింది చూడండి. ఆంధ్ర దాటితే దాని రుచి ఎవరికీ తెలియదట! మన ఇంట్ల అది పుంటికూర, పక్కింటి మరాఠీ వాళ్లింట్లో అంబాడీ. జొన్నరొట్టెతో రెండిళ్లల్లోనూ తినేదే. ఆ మూడు పేర్లూ పక్కపక్కన పెట్టి రాసుంటే ఎంత కమ్మగా ఉండేది.

నాకు బాగా కష్టం కలిగించింది మాత్రం "నాందేడ్ తెలుగువాళ్లు వలస వచ్చినవాళ్లు" అన్నది. అది చదివి మా మనవడు "తాతా, మనం ఇక్కడికి ఎప్పుడొచ్చినం?" అని అడిగిండు. మిల్లు పనికి, మగ్గం పనికి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి, కాదనను. కానీ దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ పల్లెల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కడి నుంచీ రాలేదు. కదిలింది సరిహద్దు. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసి, నాందేడును అప్పటి బొంబాయి రాష్ట్రంలో కలిపారు. ముధోల్, భైంసా దిక్కు ఆదిలాబాద్‌కు పోయింది, దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ నిజామాబాద్‌కు పోయాయి. అటు నుంచి కిన్వట్ మనకొచ్చింది. అన్నదమ్ముల్లో ఒకడు ఇంటి దగ్గరే ఉండి మరాఠీ రాష్ట్రపోడు అయిండు, బిచ్కుందలో ఉన్నోడు తెలుగు రాష్ట్రపోడు అయిండు. ఇందులో వలస ఎక్కడుంది?

ప్రతి వసంత పంచమికి బాసర మీద ఒక ముక్క వస్తుంది, వ్యాసుడి కథతో. వచ్చే ఏడు కూడా వస్తుంది. బాసర ఉన్న ముధోల్ తాలూకా 1956 దాకా నాందేడ్ జిల్లాలోనే ఉండేదని అందులో ఒక్క వాక్యం చేర్చమని, అది తయారుచేసే వాళ్లకు ఇప్పుడే ఉత్తరం రాసిపెట్టిన.