వైజ్ఞానికకల్పనాకథలు – ఆటిజము గల పాఠకులు

సైన్సు ఫిక్షననబడు వైజ్ఞానికకల్పనాకథలపై ఆటిజము గలవారిలో ననేకులకు మక్కువ మెండు. వారికి యంత్రములందు ప్రేమయు, మనుష్యులందు వైముఖ్యమును గలవు గనుక నిట్లగునని లోకమున వినవచ్చు సమాధానము. ఇది యా కథలను జదివి చెప్పిన సమాధానముగా దోపదు. ప్రీతికి మూలమును కథావస్తువునందు గాక, కథ యర్థమును దెలుపు తీరునందు వెదకవలసియున్నది.

ఆటిజము జన్మసిద్ధమైన మనోధర్మభేదము. 1943లో లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణించి వ్రాసిన వ్యాసము దీనిచర్చకు బ్రసిద్ధమైన యాకరము. ముఖభంగులను, చెప్పక చెప్పు మాటలను అప్రయత్నముగా గ్రహించుట వీరిలో బలువురకు గష్టము. సంసారచిత్రణము సేయు నవల యట్టి సూచనలమీదనే నడచును. అతిథి లేవవలసిన వేళయైనదని గృహిణి నోట ననదు, గడియారమువంక జూచును. ధ్వని కావ్యాత్మ యనుట సరియే. కాని వ్యంగ్యము స్ఫురించుటకు వక్తృబోద్ధవ్యాది వైశిష్ట్యములు వలయునని మమ్మటుడును జెప్పియున్నాడు. లోకపరిచయము వేఱైనవానిని అరసికుడని త్రోసివేయుట మాత్రము సులభము.

వైజ్ఞానికకల్పనాకథలోని లోక మెవ్వరికిని బరిచితము కాదు. అచటి ధర్మములను, మర్యాదలను రచయిత చాలవఱకు వాచ్యముగా జెప్పి తీరవలెను. మొదటి పుటయొద్ద పాఠకులందఱును సమానముగా నజ్ఞులే.

1942లో వెలువడిన ఐజాక్ అసిమోవ్ కథ ‘రన్ఎరౌండ్’ చూడదగినది. బుధగ్రహమున సెలీనియము గొనివచ్చుటకు బంపబడిన స్పీడీ యను యంత్రపురుషుడు మరలిరాక, ఆ మడుగుచుట్టును దిరుగుచు బాటలు పాడుచుండును. చూచువారికి ద్రాగినవానివలె గన్పట్టును. విచారింపగా, ఆజ్ఞను బాలింపుమను రెండవసూత్రమును, ఆత్మరక్షణము చేసికొనుమను మూడవసూత్రమును అచట సరితూగి నిలిచినవని తేలును. ఏలయన, ఆ పదార్థము తమ ప్రాణములకే యవసరమని చెప్పక డోనవన్ సామాన్యముగా నాజ్ఞాపించి యూరకుండెను. దీనిని సూత్రముల చమత్కారముగా మెచ్చుట వాడుక. వింతనడవడికి హేతువుండుటయు, అందు సగపాలు ఆజ్ఞాపించినవాని యసంపూర్ణవాక్యమున నుండుటయు నిందలి సారము. బడిలోను బంధువులలోను అట్టి వాక్యములకే నిందలు మోసిన పాఠకుడు దీనిని యంత్రకథగా జదువడు.

అంతమాత్రమున వానిని యంత్రముతో బోల్చి హృదయహీనుడనుట యన్యాయము. పశుశాస్త్రవేత్త్రి టెంపుల్ గ్రాండిన్ తాను అంగారకగ్రహమున నున్న మానవశాస్త్రజ్ఞునివంటిదానినని ఆలివర్ సాక్స్‌తో జెప్పెను. 1995 నాటి యాయన గ్రంథమునకు బేరు దానినుండి వచ్చినదే. ఈ యుపమలో బరిశీలించునది గ్రాండిన్; వింతజీవులు తక్కినలోకము. తానును ఆటిజము గల డేమియన్ మిల్టన్ అనవగాహన ముభయపక్షములదని 2012లో వాదించెను. సహృదయతాచర్చకు నిది యుపేక్షింపరాని మాట.

2003 సంవత్సరపు నెబ్యులా బహుమానము బడసిన ఎలిజబెత్ మూన్ నవల ‘ది స్పీడ్ ఆఫ్ డార్క్’లో నీ దృష్టి పూర్ణముగా గలదు. ఆటిజము గల లూ ఎరెన్‌డేల్ చాలవఱకు దానే కథ చెప్పును. అతని నెమ్మదియైన తర్కమునెదుట, బలవంతపు చికిత్సకు ద్రోయజూచు నధికారియే వికృతుడుగా దోచును. తుదకు లూ స్వేచ్ఛతోనే చికిత్స నంగీకరించును. అచట నవల తాను సంపాదించినదానిని దానే జాఱవిడిచినది. అయినను అంతకు ముందలి ప్రకరణముల బలము తగ్గలేదు.