లక్కపిడతల జ్యామితి

ప్రాథమిక పాఠశాల గోడమీద వ్రేలాడు పటములో బంతి బొమ్మక్రింద గోళమనియు, పెట్టె బొమ్మక్రింద సమఘనమనియు వ్రాసియుండుటయు, ఉపాధ్యాయుడు బెత్తముతో ఒక్కొక్కదానిని చూపుచుండగా పిల్లలు ఏకకంఠమున ఆ పేళ్లను వల్లించుటయు మనమందరము ఎరిగిన దృశ్యమే. ఆ పాఠమున పిల్లవానికి నిజముగా కనబడినదేమి? కాగితముమీద గీచిన బంతి వృత్తము మాత్రమే. దానికి వెనుకప్రక్క లేదు, బరువు లేదు, అది దొర్లదు. సమఘనము మాట మరింత చిక్కు. ఆరు ముఖములుగల వస్తువునకు పటమున మూడే ముఖములు కనబడును. ఆ మూడింటిలోను రెండు చతురస్రముల రూపును కోల్పోయి ఏటవాలుగ ఒరిగియుండును. ఆ వాలును లంబకోణముగ చదువుకొనవలయునను ఒడంబడిక పెద్దలు తమలో తాము చేసికొన్నది; నాలుగేండ్ల బాలునకు దానిని ఎవరును చెప్పియుండలేదు. కనుకనే పెట్టెను చూచి బొమ్మ గీయుమన్నచో పసివాడు తరచుగ ఒక్క చతురస్రమును గీచి, పని ముగిసినదని పలకను మన కందించును. తన కెదురుగనున్న ముఖమును వాడు ఉన్నదున్నట్లు గీచెను గనుక వానిని తప్పుపట్టుటకు వీలులేదు. ఘనాకృతుల జ్ఞానము మొదట చేతికి రావలయును. చేతినుండి కంటికిని, కంటినుండి కాగితమునకును దిగవలయును. మన బడులలో ఈ మెట్లు తలక్రిందులైనవి.

చేతినుండి మొదలిడు ఈ పద్ధతిని క్రమముగ కూర్చినవారిలో అగ్రగణ్యుడు జర్మనీ దేశీయుడగు ఫ్రెడరిక్ ఫ్రోబెల్. 1782లో తురింగియా అడవిసీమలోని ఓబర్‌వైస్‌బాహ్ అను గ్రామమున మతాచార్యుని యింట జన్మించి, పురుడారకమునుపే అనదగినంత శైశవమున తల్లిని పోగొట్టుకొని, కొంతకాలము అటవీశాఖలో శిష్యరికముచేసి, పిమ్మట బెర్లినులో స్ఫటికశాస్త్రజ్ఞుడగు క్రిస్టియన్ వైస్ చెంత ఖనిజముల సంగ్రహశాలయందు సహాయకుడుగ పనిచేసిన యీతడు, ప్రకృతి తన రాళ్లను సైతము ముఖములు, అంచులు, మూలలు తీర్చి కట్టుచున్నదను ఎరుకను అచ్చట సంపాదించుకొనెను. 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అను ఊర పసిపిల్లల ఆటవస్తువుల తయారీకి పూనుకొని, 1840లో తన శిశువిద్యాలయమునకు ‘కిండర్‌గార్టెన్’ అను పేరిడెను. ఆ ఆటవస్తువులను అతడు కానుకలనెను.

మొదటి కానుక ఉన్నితో అల్లిన ఆరు రంగుల మెత్తని బంతులు. రెండవది కొయ్యతో చేసిన గోళము, సమఘనము, స్థూపము. గోళమునకు అంచు లేదు, మూల లేదు. సమఘనమునకు పన్నెండంచులు, ఎనిమిది మూలలు. ఒకటి నిలకడ నెరుగదు, రెండవది చలనము నొల్లదు. ఈ రెంటికిని మధ్యవర్తిగ స్థూపము నిలిచెను: పడుకోబెట్టిన దొర్లును, నిలబెట్టిన నిలుచును. ఇంతటితో ఫ్రోబెల్ ఊరకుండక, ఈ కొయ్యలకు త్రాడు కట్టి, మెలిపెట్టి, గిరగిర తిరుగనిచ్చెను. సమఘనమును ఒక ముఖము నడుమనుండి వ్రేలాడదీసి వేగముగ త్రిప్పినచో దాని మూలలు చెదరిపోయి, తిరుగుచున్నంతసేపు స్థూపమే కనబడును. స్థూపమును దాని ప్రక్కనుండి వ్రేలాడదీసి త్రిప్పినచో బంతిని బోలిన ఆకారము గాలిలో తేలును. త్రాడు ఆగగానే మరల మూలలు మూలలుగ, అంచులు అంచులుగ నిలుచును. ఒక ఆకృతి గర్భమున మరియొకటి దాగియున్నదను సంగతిని ఇంత సులువుగ చూపగల ఉపకరణము నేనెరిగినంతలో మరియొకటి లేదు.

తరువాతి కానుకలలో సమఘనము ముక్కలగును. మూడవదానిలో ఎనిమిది చిన్న సమఘనములు; నాలుగవదానిలో ఎనిమిది ఇటుకల వంటి దీర్ఘఘనములు; అయిదవదానిలో ఇరువదియేడు సమఘనములుండగా వానిలో మూడు కర్ణముగుండ రెండేసి ముక్కలుగను, మరి మూడు నాలుగేసి ముక్కలుగను కోయబడి, మొత్తము ముప్పదితొమ్మిది ముక్కలగును. ఆట ముగిసినవెనుక వీనినన్నిటిని తిరిగి ఒక్క పెద్ద సమఘనముగ పేర్చి పెట్టెలో నుంచవలయును. ఆ పిమ్మట పలుచని పలకలు, ఆ పిమ్మట పుల్లలు, తుదకు గింజలు: ఘనమునుండి తలమునకు, తలమునుండి రేఖకు, రేఖనుండి బిందువునకు అను అవరోహణక్రమము. యూక్లిడు గ్రంథము బిందువుతో నారంభమగును. పసితనమునకు ఎదురుదారియే దగ్గరదారి అని ఫ్రోబెల్ గ్రహించెను. అమెరికాలో సుప్రసిద్ధ వాస్తుశిల్పియైన ఫ్రాంక్ లాయిడ్ రైటు తల్లి 1876 నాటి ఫిలడెల్ఫియా ప్రదర్శనమున ఈ కానుకలను చూచి కుమారునికి తెచ్చియిచ్చెను. ఆ కొయ్యముక్కల స్పర్శను అతడు వృద్ధాప్యమునను మరువక తలచుకొనెను. ఇట్టి నిరపాయమైన ఆటను 1851లో ప్రష్యా ప్రభుత్వము నిషేధించి, ఫ్రోబెల్ మరణించిన ఎనిమిదేండ్లకు గాని ఆ నిషేధమును తొలగింపకపోవుట ప్రభుత్వముల వివేకమునకు చక్కని నిదర్శనము.

ఫ్రోబెల్ గోళమునందు విశ్వైక్యమును దర్శించినవాడు. ఆ తత్త్వము లేకున్నను బంతి దొర్లకమానదు గనుక దానిని ఇచ్చట విడిచెదను. అతని అనుయాయులలో కొందరు ఆటను కవాతుగ మార్చి, గళ్లు గీచిన బల్లలముందు పిల్లలను బారులు తీర్చి, ఆజ్ఞప్రకారము అందరును ఒక్కమారే కొయ్యను ఎత్తి దించునట్లు చేసిరి. ఏ మంచి పద్ధతిని చెరుపవలెనన్నను ఈ యొక్క ఉపాయము చాలును.

1907లో రోమునగరపు పేదలవాడయగు సాన్ లొరెంజోలో శిశుగృహమును తెరచిన మరియా మాంటిస్సోరి ఈ కొయ్యలను మరల స్వేచ్ఛగ పిల్లల చేతికిచ్చెను. 1939లో ఆమె దివ్యజ్ఞానసమాజము వారి ఆహ్వానముమీద మదరాసు చేరి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే గడపుటచే, ఆమె నీలిరంగు ఘనాకృతులు మన దక్షిణాదిన అపరిచితములు గావు. గోళము, సమఘనము, స్థూపములతోపాటు శంకువు, దీర్ఘఘనము, పట్టకము, పిరమిడ్డు, అండాకృతి మున్నగునవి అందులో చేరియుండును. ముందుగ పిల్లవాడు వానిని తడవిచూచును. పిమ్మట కన్నులకు గంత కట్టుకొనియో, సంచిలో చేయిపెట్టియో స్పర్శమాత్రముచే గుర్తించును. సంచిలో జతలు జతలుగ వస్తువులుంచి, ఒకదానిని వాని ఎడమచేతి కిచ్చి, దాని జతను కుడిచేతితో చూడకుండ వెలికిదీయుమనుట ఈ ఆటలన్నిటిలోను ఉత్తమమని నా యభిప్రాయము. ఏలయన దీనికి పేరుతో పనిలేదు, మాటలు రాని పిల్లయు ఆడగలదు.

పేరు నేర్పుటకు మూడు మెట్లు గలవు. మొదట రెండే వస్తువులను తీసికొని, “ఇది గోళం, ఇది సమఘనం” అని ముక్తసరిగ చెప్పవలయును. రెండవ మెట్టున, “ఏదీ, గోళం ఇలా ఇయ్యి నాన్నా! సమఘనం అమ్మమ్మ ఒళ్లో పెట్టిరా!” అని పేరు మనము పలికి వస్తువును వానిచే తెప్పించవలయును. “ఇదేమిటి?” అను ప్రశ్న మూడవది. మన యుపాధ్యాయులలో పెక్కుమంది నడిమి మెట్టును దాటివైచి మొదటినుండి మూడవదానికి దుముకుదురు, పిల్లవాడు తెల్లబోవును, వానికి రాదని మనము నిశ్చయింతుము. రెండవ మెట్టున ఎంతసేపు ఆడిన అంత మేలు. తొలిజతగ పరస్పరము మిక్కిలి భిన్నములైనవానినే ఎన్నుకొనవలయును. సమఘనమును దీర్ఘఘనమును మొదటిరోజుననే పక్కపక్కన నిలుపుట పసివానిని పరీక్షించుటయే యగును.

ఈ ఆకృతుల పాఠమును నిత్యవ్యవహారపు వస్తువులతోనే మొదలిడవలయుననుటకు ఆధారము గలదు. జీన్ పియాజే, బార్బెల్ ఇన్‌హెల్డర్ అను పండితులు 1948లో ప్రకటించిన తమ గ్రంథమున, తెరవెనుక చేయిపెట్టి వస్తువులను గుర్తింపుమన్నపుడు చిన్నపిల్లలు దువ్వెన, చెంచా, తాళపుచెవి వంటివానిని ఇట్టే గుర్తించి, అట్టతో కత్తిరించిన జ్యామితీయాకృతుల విషయమున తడబడుటను వివరించిరి. చేతికి పరిచయమైనది ముందు, శుద్ధాకృతి తరువాత. అట్లయినచో తెలుగింటి కేమి కొరత?

మన బాలికలకు తరతరములుగ దక్కిన లక్కపిడతలను చూడుడు. వరాహానది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిమెనకు బిగించి త్రిప్పుచు, ఉలిని ఆనించి, రంగులక్కను ఒరయించినంత, ఆ రాపిడివేడికి లక్క కరగి కొయ్యకు పట్టును. తరిమెనపై రూపొందిన వస్తువు గుండ్రముగ రాక తప్పదు గనుక, ఆ పిడతలు, బొంగరములు, భరిణలు, రోలురోకళ్లు అన్నియు గోళ, స్థూప, శంకువులును వాని సంయోగములునే. ఫ్రోబెల్ త్రాటిపై చూపిన ఇంద్రజాలము ఇచ్చట శాశ్వతముగ కొయ్యలో నిలిచినది: చెక్కిన చదరపుదిమ్మ తరిమెనపై తిరిగి తిరిగి మూలలు కోల్పోయి స్థూపమగును. బిడ్డను ఒక్కమారు ఆ పనివాని చెంత కూర్చుండబెట్టినచో పది పటములు చేయలేని మేలు జరుగును.

వంటయింట తల్లి లడ్డూలు చుట్టునపుడు గోళము, మైసూరుపాకు కోయునపుడు దీర్ఘఘనము పుట్టుచునేయున్నవి. మిఠాయికొట్టువాడు కాగితమును చుట్టి శనగలు పోసి యిచ్చు పొట్లము శంకువు. దానిని విప్పినచో మరల చదునైన కాగితమే. రెండువాలుల పెంకుటిల్లు దీర్ఘఘనముపై నిలిపిన పట్టకము. సముద్రతీరపు చుట్టిల్లు స్థూపపు గోడపై శంకువు కప్పు, అదియు గాలివానకు ఎదురుమూల చూపని ఉపాయము. అగ్గిపెట్టె, పాచిక, గరాటు, కొబ్బరిచిప్ప, ఇట్లు చెప్పుకొనిపోయిన అంతుండదు.

అయితే వస్తువు చూపి పేరు చెప్పుటతో పని తీరదు, వస్తువును అడుగవలయును. పీటను ఒకవైపు కొంచెము ఎత్తి, ఒక్కొక్కదానిని దానిపై వదలినచో ప్రతి ఆకృతియు తన గుట్టు చెప్పుకొనును. గోళము ఎటు నెట్టిన అటు పోవును. స్థూపము ఒక్కదారినే పోవును. సమఘనము జారునేగాని దొర్లదు. కోడిగ్రుడ్డు వంకర తిరిగి నిలిచిపోవును. శంకువును చదునైన నేలపై దొర్లించినచో అది తన కొననే కేంద్రముగ చేసికొని చుట్టు తిరిగి వచ్చును. ఇపుడు వంటయింటి స్టీలుగ్లాసును తెండు. స్థూపమని పెద్దలు సైతము చెప్పుదురు. కాని మూతి వెడల్పు, అడుగు ఇరుకు గనుక దొర్లించినపుడు అది తిన్నగ పోక శంకువువలె వంపు తిరుగును. తల నరికిన శంకువని పేరు చెప్పనక్కరలేదు, “ఇది డబ్బాలాగా పోవడం లేదు తాతయ్యా!” అని పిల్ల తానై అన్ననాడు ఆమెకు స్థూపమును శంకువును కూడ తెలిసినట్లే. లోకమున శుద్ధాకృతులు అరుదు. వాని లోపములను దాచి బలవంతముగ పేరంటించుటకంటె ఆ లోపమునే పాఠము చేయుట మేలు.

పటములు కలిగించు మరియొక భ్రమ యేమనగా స్థూపము పొడుగుగనే యుండవలయుననునది. రూపాయి నాణెమును స్థూపమన్నచో పిల్లలు నవ్వుదురు. నాణెములను ఒకదానిపై నొకటిగ దొంతరపేర్చుచు పోయి, ఎప్పుడు స్థూపమైనదో వారినే చెప్పుమనుడు. రెంటికి కాలేదు, మూటికి కాలేదు, పదింటికైనది, మరి తొమ్మిదింటికి? ఈ వాదము సద్దుమణుగుటకు కొంతసేపు పట్టును, పట్టనిండు.

ఈ యెరుక పిల్లలకే పరిమితమైన వినోదమని తలపరాదు. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు లీలావతి యను గణితగ్రంథమున ధాన్యపు రాశులకు ప్రత్యేకముగ ఒక ప్రకరణమునే కేటాయించెను. రాశి చుట్టుకొలతలో ఆరవవంతును వర్గించి ఎత్తుతో గుణించిన ఘనపరిమాణము వచ్చును. ముతకధాన్యమున ఎత్తు చుట్టుకొలతలో పదవవంతు, సన్నధాన్యమున పదునొకండవవంతు, ముల్లుగల వరివంటివానిలో తొమ్మిదవవంతు. ముల్లు ముల్లును పట్టుకొని జారనీయకపోవుటచే వడ్లరాశి నిటారుగ నిలుచునను సంగతిని కళ్లమున నిలిచి చూచినవాడే ఇట్లు చెప్పగలడు. గోడకానించిన రాశి సగము శంకువు, గది మూలలోనిది పావు. మన యింట ఒకే అడుగు, ఒకే ఎత్తుగల అట్టశంకువును డబ్బాను చేసి, జొన్నలు పోసిచూచినచో మూడు శంకువులకు డబ్బా నిండును. సూత్రము పై తరగతిలో నెమ్మదిగ వచ్చునుగాక.

తుదకు ఫ్రోబెల్ పద్ధతిలోనే మరియొక పని మనయింట పైసా ఖర్చులేక చేయదగినది గలదు. అతడు నానిన బటానీలను, సన్నని పుల్లలను వాడెను. మనకు చీపురు ఈనెలు, నానబెట్టిన శనగలు చాలును. నాలుగు శనగలు, ఆరు పుల్లలతో ముక్కోణపు పిరమిడ్డు నిలుచును. ఎనిమిది శనగలు, పన్నెండు పుల్లలతో సమఘనము వచ్చును. కాని వ్రేలితో నెట్టినచో పిరమిడ్డు చెక్కుచెదరకుండగ సమఘనము ప్రక్కకు ఒరిగిపోవును. దానిని నిలబెట్టుటకు ముఖముముఖమునను ఏటవాలుగ ఒక పుల్ల దిగవేయవలయునని పిల్లవాడు త్వరలోనే కనిపెట్టును. అంచునకు సరిపోయిన పుల్ల ఆ యేటవాలునకు చాలదు, పొడుగుది కావలయును. ఎంత పొడుగుదో పెద్దలు చెప్పక, వేసి తీసి వానినే తేల్చుకొననీయవలయును. మరునాటికి శనగలు ఎండి పుల్లలను బిగబట్టును.