నూకు హివా లోయలో నిశ్శబ్దం

మన ప్రబంధాలకు అష్టాదశ వర్ణనలున్నట్లే పాశ్చాత్య యాత్రాగ్రంథాలకూ కొన్ని నియత వర్ణనలున్నవి. పాలినీషియా దీవి వర్ణన వాటిలో ఒకటి. సముద్రం నుండి నిటారుగా లేచిన పచ్చని కొండలు, వాటినుండి జారే జలపాతాలు, సీమపనస చెట్ల నీడ, కొబ్బరితోపులు, వీటన్నిటినీ ఆవరించిన నిశ్శబ్దం. రచయితలు మారినా, తరాలు మారినా ఈ చివరి అంశం మాత్రం మారలేదు. నేటి విహారయాత్రల ప్రకటనలలో సైతం మొదటి ఆకర్షణ అదే. ఆలంకారికుల పరిభాషలో దీనిని ఉద్దీపన విభావం అనవచ్చు. అయితే ఆ నిశ్శబ్దం ఏ రసాన్ని ఉద్దీపింపజేస్తున్నది? శాంతాన్నా, శృంగారాన్నా, కరుణనా? ఒకే దీవికి వేర్వేరు కాలాలలో వెళ్ళిన ముగ్గురు రచయితలను పక్కపక్కన పెట్టి చదివితే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

ఆ దీవి నూకు హివా. టహీటికి ఈశాన్యంగా సుమారు 1,400 కిలోమీటర్ల దూరాన ఉన్న మార్కెసాస్ ద్వీపసమూహంలో ఇది పెద్దది. 1842 జూలైలో హెర్మన్ మెల్విల్ అనే ఇరవై రెండేండ్ల నావికుడు తిమింగలాల వేట ఓడను విడిచి పారిపోయి, ఒక సహచరునితో కొండలు దాటి, తైపీ లోయలో ప్రవేశించాడు. 1846లో వెలువడిన ‘టైపీ’ గ్రంథానికి ఆ అనుభవమే మూలం. లోయలో నాలుగు నెలలు గడిపినట్లు గ్రంథం చెబుతుంది. నిజానికి గడిపింది సుమారు ఒక నెల. పూర్వయాత్రికుల రచనల నుండి మెల్విల్ ధారాళంగా గ్రహించిన సంగతిని 1939లో చార్లెస్ ఆండర్సన్ సోదాహరణంగా చూపాడు. కనుక ‘టైపీ’ని సాక్షి వాఙ్మూలంగా గాక, అనుభవానికి కల్పన జోడించిన కావ్యంగా చదవడమే న్యాయం.

అట్లా చదివినప్పుడు ఒక విశేషం కనబడుతుంది. మెల్విల్ లోయ నిశ్శబ్దమైనది కాదు. చెట్టు నారను కొయ్య సుత్తులతో మోది స్త్రీలు ‘తపా’ వస్త్రం చేస్తూంటారు. ఒకేసారి అనేక సుత్తులు మ్రోగుతూంటే దూరం నుండి వినవచ్చే ఆ నాదాన్ని ఆయన చెవి మరువలేదు. లోయలో సుమారు రెండు వేల మంది ఉంటారని ఆయన అంచనా. ఇది శ్రమ ఎరుగని స్వర్గమని ఒకచోట మురిసిపోయిన రచయితే, మరొకచోట ఈ వస్త్ర నిర్మాణాన్నీ, కరవుకాలం కోసం సీమపనస గుజ్జును గోతులలో పులియబెట్టి దాచే నేర్పునూ వివరంగా వర్ణించాడు. సిద్ధాంతం చెప్పేటప్పుడు మెల్విల్ యూరపు స్వప్నాన్ని వల్లెవేశాడు. చూచినదీ విన్నదీ చెప్పేటప్పుడు ఆ స్వప్నాన్ని తానే ఖండించాడు. గ్రంథానికి ప్రాణం ఈ రెండవ గుణంలోనే ఉన్నది.

కథానాయకుని భయాలలో ఒకటి గమనింపదగినది. నరభక్షణ భయం పాఠకులందరికీ గుర్తుంటుంది. అంతకన్న లోతైనది, తన ముఖంపై పచ్చబొట్టు పొడుస్తారేమోనన్న భయం. దీవి అందం కంటికి ఆనందం కలిగించవలెనే గాని, చర్మం మీద చెరగని గుర్తు వేయరాదు. చూచి వెళ్ళిపోయే హక్కును అతడు వదులుకోలేడు. యాత్రికుని ప్రేమకు గల హద్దును ఇంత నిజాయితీగా బయటపెట్టిన సన్నివేశాలు అరుదు.

1888లో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ‘కాస్కో’ అనే విహారనౌకలో ఇదే దీవిలోని అనహో రేవుకు వచ్చాడు. ఆయన మరణానంతరం 1896లో పుస్తకరూపం పొందిన ‘ఇన్ ది సౌత్ సీస్’లో నిశ్శబ్దానికి అర్థం మారిపోయింది. నాలుగు వందల మంది గల ఒక తెగ మశూచితోనూ, వెంటనే క్షయతోనూ అంతరించి, చివరకు ఒక పురుషుడూ ఒక స్త్రీ మాత్రం మిగిలి లోయ విడిచిపోయిన కథను తాను విన్నట్లుగా ఆయన నమోదు చేశాడు. తెగల అధికారం పోవడం, పచ్చబొట్టు వంటి ఆచారాలు నిషిద్ధం కావడం చూచినప్పుడు ఆయనకు స్వదేశమైన స్కాట్లండు ఉన్నతభూముల చరిత్ర స్ఫురించింది. తన జాతి పరాజయాన్ని ఎరిగినవాడు కనుకనే ఎదుటివారి పరాజయాన్ని గుర్తించగలిగాడు. అక్కడ కరుణ అలంకారంగా రాలేదు; సామ్యజ్ఞానం నుండి పుట్టింది.

1907లో వచ్చిన జాక్ లండన్ బాల్యంలో చదివిన ‘టైపీ’ని వెదుకుతూ తైపీ లోయకే వెళ్ళాడు. ‘ది క్రూయిజ్ ఆఫ్ ది స్నార్క్’ (1911)లో ఆయన చూపినది అడవి ఆక్రమించిన రాతి అరుగులు, కుష్ఠు, క్షయ, బోదకాలు పీడించిన కొద్దిమంది. లండన్ ఆవేదన నిజమే. కాని దానికి ఆయన వెదికిన కారణం దాదాపు పూర్తిగా జీవశాస్త్రపరమైనది: రోగక్రిములను తట్టుకొన్న జాతి నిలిచినది, తట్టుకోలేనిది నశించినది. ఈ వివరణలో క్రిమి ఉన్నది గాని, దానిని మోసికొని వచ్చిన ఓడ కనబడదు.

ఓడలు మాత్రం చరిత్రలో ఉన్నవి. 1813లో అమెరికా నౌకాధిపతి డేవిడ్ పోర్టర్ తైపీ లోయలోని గ్రామాలను తగులబెట్టాడు. 1842లో ఫ్రాన్సు ఈ దీవులను స్వాధీనపరచుకొన్నది. 1863లో, పెరూ బానిస వ్యాపారులు పట్టుకొనిపోయిన ద్వీపవాసులను తిరిగి తెచ్చిన ఓడ మశూచిని నూకు హివాలో దించింది. 1920ల నాటికి ద్వీపసమూహం మొత్తంలో మిగిలినవారు సుమారు రెండు వేల మంది. అనగా మెల్విల్ ఒక్క లోయకు కట్టిన లెక్క. యాత్రికులు ప్రకృతిదత్తమని మెచ్చుకొన్న నిశ్శబ్దంలో అధికభాగం ఇట్లా సంభవించినదే.

ఈ గ్రంథాలను తెలుగు చేయబూనినవారికి ఇక్కడ ఒక కఠినమైన సమస్య ఎదురవుతుంది. ఆంగ్లంలోని ఒకే మాటకు మనకు ప్రశాంతం, నిశ్శబ్దం, నిర్జనం అనే మూడు మాటలున్నవి. మొదటిది ప్రశంస, రెండవది కేవలం స్థితి, మూడవది అభావం. మెల్విల్‌కు నప్పిన మాట స్టీవెన్సన్‌కు నప్పదు. ఏ వాక్యానికి ఏది పొసగుతుందో తేల్చడానికి నిఘంటువు చాలదు, చరిత్ర తెలియవలె. తెలుగునాట పొలాల మధ్య పాటిదిబ్బను చూచిన రైతు ఎంత ప్రశాంతమని మురిసిపోడు. ఇక్కడ ఏ ఊరుండేదో, ఎందుకు పాడుపడిందో అని అడుగుతాడు. నూకు హివా చెట్ల క్రింద ఉన్న ‘పయేపయే’ అనే రాతి అరుగులు కూడా ఇండ్లకు పునాదులు. అనువాదకునికి ఆ రైతు ప్రశ్నే మార్గదర్శకం.

కథ కరుణతో ముగిసిపోలేదు. లండన్ వంటివారు అంతరిస్తుందని తలచిన జాతి అంతరించలేదు. నేడు ఆ దీవులలో తొమ్మిది వేల పైచిలుకు జనం ఉన్నారు. 1978లో ‘మోతు హాకా’ అనే సాంస్కృతిక సంఘం ఏర్పడింది. 1987లో ఉవా పోవు దీవిలో మొదటి కళోత్సవం జరిగింది. ఉత్సవాల కోసం పూర్వపు సభాస్థలాలలో అడవిని నరికి, రాళ్ళు సరిదిద్దారు. అక్కడ మళ్ళీ మద్దెలలు మ్రోగినవి. 1897లో వచ్చిన జర్మను పండితుడు కార్ల్ ఫాన్ డెన్ స్టైనెన్ గీయించి భద్రపరచిన చిత్రాలు, నేటి యువకులు పచ్చబొట్టు కళను తిరిగి నేర్చుకోవడానికి ఆధారమైనవి. అతిథి శ్రద్ధగా వ్రాసికొన్నది ఆతిథేయునికి ఆస్తిగా తిరిగి చేరడం అరుదైన అదృష్టం. 2024లో యునెస్కో ఈ దీవులను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, స్పానిష్ నావికులు ఒక ప్రభువు గౌరవార్థం పెట్టిన పేరుకు ముందు ద్వీపవాసుల సొంత పేరు నిలిచింది: ‘తె హెనువా ఎనాతా’, మనుష్యుల భూమి.

ఆ పేరే యాత్రాసాహిత్యానికి ఒక గీటురాయి కాగలదు. దీవి సౌందర్యాన్ని వర్ణించడం దోషం కాదు. ఆ కొండలు నిజంగానే అందమైనవి. ఆ సౌందర్యం మధ్య వినబడవలసిన ధ్వని ఏదో గ్రంథకర్త అడిగాడా లేదా అన్నదే పరీక్ష. మెల్విల్ తనకు తెలియకుండానే సుత్తుల మ్రోతను మనకు భద్రపరచి ఇచ్చాడు. స్టీవెన్సన్ దాని లోపాన్ని గుర్తించి దుఃఖించాడు. లండన్ లోపాన్ని చూచాడు గాని బాధ్యతను చూడలేదు. ఈ ముగ్గురి తరువాత నిశ్శబ్దాన్ని మాత్రమే మెచ్చుకొని తిరిగివచ్చే గ్రంథం ఎంత సుందరంగా వ్రాసినదైనా అసంపూర్ణమే.