దూరదర్శన పాఠము – సరిహద్దు తెలుగు బాలుడు

మన దేశమున విద్యా ప్రసారముల చరిత్రను వ్రాయువారు 1975 నాటి ఉపగ్రహ ప్రయోగమును కొనియాడక మానరు. అది తగినదే. ఆ యేటి ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, అమెరికావారు ఎరువిచ్చిన ఎ.టి.యస్.-6 ఉపగ్రహము మూలమున, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు దూరదర్శన పాఠములు చేరినవి. ఉదయము బడిపిల్లలకు హిందీ, కన్నడ, ఒడియా, తెలుగు భాషలలో పాఠములు. సాయంకాలము పెద్దలకు సేద్యము, ఆరోగ్యము. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశమును కలదు, ఒడిశాయును కలదు. బరంపురమువారికి ఇంతకంటె ఏమి కావలెను? కాని ఒడిశాలో ఎన్నికైనవి సంబల్పురము, ఢెంకనాలు, ఫుల్బాణి జిల్లాలు. పొరుగుననున్న ఫుల్బాణికి దిగిన బొమ్మ గంజాము గడప తొక్కలేదు.

దీనిని నేను తప్పుగా ఎంచను. వెనుకబడిన పల్లెలనే వారు కోరిరి. నా ఆక్షేపణ వేరు. ఆ ఉపగ్రహము ఒక బొమ్మతోపాటు రెండు ధ్వనిమార్గములను మోయగలిగి యుండెను. అనగా చిత్రము ఒకటే యైనను, వినికిడి రెండు భాషలలో నుండవచ్చును. 1936 ఏప్రిల్ 1న మదరాసునుండి విడివడి ఒడిశాలో చేరిన మన గంజాము వంటి జిల్లాకు ఇంతకంటె తగిన సాధనము లేదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో గరపు సౌకర్యము కల్పింపవలెనని 1956లోనే 350ఏ అధికరణము రాజ్యాంగమున చేరెను. అయినను ప్రణాళికాకర్తలు భాషను రాష్ట్రముతో ముడివేసిరి. ఒడియా పాఠము కటకమున, తెలుగు పాఠము హైదరాబాదున తయారయ్యెను. 1982 తరువాత ఇన్సాటు పథకమున బడి ప్రసారములు మరల వచ్చినప్పుడును ఆ ముడి వీడలేదు.

అది ఎంత బిగువైనదో 2020లో మా తరగతికి తెలిసినది. బడులు మూతపడగా సప్తగిరి చానెలులో తెలుగు పాఠములు వచ్చినవి. డిష్షు గల యిండ్లలో పిల్లలు ఆశతో కూర్చుండిరి. భాష మనదే, పాఠ్యక్రమము మాత్రము ఆంధ్రులది. మా పుస్తకమునందలి వరుస అందు లేదు. ఒడిశా ప్రభుత్వము ఫోనులకు పంపిన పాఠములలో వరుస మాది, భాష మాది కాదు. ఉపాధ్యాయులమైన మేమును దీనిని గూర్చి గట్టిగా అడిగినవారము కాము.

మా విద్యార్థిని యొకతె ఒడియా పాఠమును ధ్వని లేకుండ నడిపించి, రెండవ ఫోనులో నన్ను పిలిచి, “మాస్టారూ, బొమ్మ నేను చూస్తాను, మీరు తెలుగులో చెప్పండి” అన్నది. గణితము బాగుగనే సాగినది. సామాన్యశాస్త్రమున మాత్రము బొమ్మ ముందుకు పోయెడిది, నా మాట వెనుకబడెడిది.